రాగి గొట్టానికి రెండో చెవి

మా గ్యారేజీలో పనిముట్ల బోర్డు పక్కన ఒక మేకుకి రాగి గొట్టం వేలాడుతుంటుంది. జానెడు పొడవు. ఒక కొసను సుత్తితో చదును చేసి, బోల్టు పట్టేంత రంధ్రం పెట్టారు. రెండో కొసకు నల్లటి రబ్బరు పైపు, ఆ పైపు చివర డాక్టర్లు చెవుల్లో పెట్టుకునే స్టెతస్కోప్ పుల్లలు. మొదటిసారి చూసినవాళ్ళు ఇది గ్యారేజీయా, దవాఖానానా అని నవ్వుతారు. నేను చేరిన కొత్తలో నాకూ నవ్వొచ్చింది. కానీ నలుగురి ముందు నవ్వడానికి కూడా సిగ్గుపడే రోజులవి.

డిప్లొమా చివర్లో మా క్లాసువాళ్ళంతా ప్రాజెక్టు కోసం కంపెనీలకు వెళ్ళారు. నేను ఈ గ్యారేజీని ఎంచుకున్నాను. కారణం ఒక్కటే: ఇక్కడ ఇంటర్వ్యూ ఉండదు. ఛత్రినాకలో మా ఇంటి దగ్గర షేర్ ఆటో ఎక్కితే సంతోష్‌నగర్‌లో దిగడం, టైర్ల షాపు వెనక సందులోకి నడవడం, అంతే. ప్రాజెక్టు అయిపోయింది, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

మేం చేసే పని గురించి ఇంట్లోవాళ్ళకు చెప్పడానికే నాకు చాలాకాలం పట్టింది. ప్రతి కారులోనూ ఇంజిన్‌కి ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, ఏ క్షణంలో నిప్పు రాజేయాలో చెప్పే చిన్న కంప్యూటర్ ఉంటుంది. కంపెనీవాళ్ళు తమ ఇంజిన్‌కి తగ్గట్టు దానికి అన్నీ నేర్పి పంపిస్తారు. కారు మీద మోజున్నవాళ్ళు ఆ ఇంజిన్‌కి టర్బో తగిలిస్తారు, లోపలి సామాను మారుస్తారు. దాంతో పాత కంప్యూటర్‌కి తన ఇంజినే కొత్తదైపోతుంది. అప్పుడు దాన్ని తీసేసి, ఏమీ రాయని పలక లాంటి కొత్త పెట్టె బిగిస్తాం. ఒక్కో సెన్సార్ నుంచి దానికి తీగలు లాగి, పెట్టె లోపలి అంకెల గళ్ళన్నీ లాప్‌టాప్‌తో మేమే నింపుతాం. తీగలు లాగేది వైరింగ్, గళ్ళు నింపేది ట్యూనింగ్.

వైరింగ్‌లో నాకు తొందరగానే చెయ్యి తిరిగింది. ఆ ఘనత మా అమ్మది. అమ్మ పూలు కట్టి అమ్ముతుంది. చిన్నప్పటి నుంచి ఆమె పక్కన కూర్చుని మల్లెలు, కనకాంబరాలు కట్టిన వేళ్ళు నావి. మొదట్లో ఒకరోజు ప్లాస్టిక్ పట్టీలు అయిపోయాయి. తీగల కట్టను మైనం దారంతో పూలమాల ముడి వేసుకుంటూ కట్టేశాను. ఉస్తాద్ వచ్చి ఆ కట్టను చేత్తో పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాడు. ముడి జారలేదు, తీగ నలగలేదు.

"వా రే బేటా! ఇది ఇంజిన్లకు పెట్టాల్నా, దేవునికి ఎయ్యాల్నా?" అన్నాడు. ఆ తర్వాత మా గ్యారేజీలో ప్లాస్టిక్ పట్టీలు కొనలేదు.

ఉస్తాద్ అంటే మా గ్యారేజీ యజమాని. హుస్సేనీ ఆలం నుంచి పాత స్కూటర్ మీద వస్తాడు. తెల్లటి గడ్డం, చేతుల మీద ఎప్పటివో కాలిన మచ్చలు. సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి మాట్లాడతాడు, ఏ సగం ఎక్కడ ఆగిందో తెలియదు. ఊళ్ళో ఇంతకంటే పెద్ద గ్యారేజీలు, మంచి యంత్రాలున్నవి చాలా ఉన్నాయి. అయినా జనం మా సందులోకి వచ్చేది ఉస్తాద్ చెవి కోసం. "చాచా చెవి పడితే బండికి ఫికర్ లేదు" అనేవాళ్ళు. పేరు, పని, మా అందరి బతుకూ ఆ చెవి మీదే నడిచేవి.

వైరింగ్ అయ్యాక ప్రతి తీగనూ పరీక్షిస్తాం. మీటర్ రెండు మొనలు తీగ రెండు కొసలకు ఆనిస్తే, తీగ తెగకుండా ఉంటే మీటర్ సన్నగా కూస్తుంది. ఉస్తాద్ పెట్టె దగ్గర కూర్చుని ఒక కొస పట్టుకునేవాడు, నేను ఇంజిన్ దగ్గర రెండో కొస పట్టుకునేదాన్ని. మీటర్ ఆయన ఒళ్ళోనే ఉండేది. అయినా నన్నే అడిగేవాడు.

"కూసిందా?"

నేను తలూపేదాన్ని.

"తల ఊపుడు నక్కో. నోరు తెరిచి చెప్పు. కూసిందా?"

"కూసింది."

"ఏంది? చీమ మాట్లాడిందా? గట్టిగ!"

"కూసింది ఉస్తాద్!"

ఒక్కో కారుకి ఎన్నో తీగలు. రోజంతా అలా అరవాల్సి వచ్చేది. నా సిగ్గు పోగొట్టడానికే ఇదంతా అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇంటికెళ్ళి డైరీలో రాసుకునేటప్పుడు మాత్రం ఆ అరుపులు నాకు ఇష్టమని ఒప్పుకునేదాన్ని. ఇంట్లో, కాలేజీలో, ఎక్కడా నా గొంతు అంత దూరం వెళ్ళలేదు.

ఈ మధ్య ఒక కారు వచ్చింది. బట్టల హోల్‌సేల్ కుటుంబం అబ్బాయిది. చిన్న కారు, దానికి పెద్ద టర్బో. ఇంజిన్ విప్పి లోపల అన్నీ కొత్తవి వేయించాడు. ఆ అబ్బాయి మహా మాటకారి, నాకు పూర్తి వ్యతిరేకం. వచ్చిన మొదటి రోజే నన్ను చూపించి ఉస్తాద్‌ని అడిగాడు:

"చాచా, ఈ మేడం మాట్లాడతదా, మ్యూట్‌ల పెట్టిన్రా?"

"ఆమె తీగలతోని మాట్లాడతది. నీ అసుంటోళ్ళతోని ఎందుకు మాట్లాడాలె?" అన్నాడు ఉస్తాద్.

ఆ కారు తీగలన్నీ నేనే కట్టాను. అందుకని ట్యూనింగ్‌కి కూడా నన్నే రమ్మన్నాడు ఉస్తాద్. అప్పటిదాకా ఆయన ఎప్పుడూ ఒంటరిగానే ట్యూన్ చేసేవాడు. ఆమధ్య ఒక కారు పిస్టన్ పగిలి తిరిగి వచ్చిన తర్వాత, లాప్‌టాప్ ఒకరు, స్టీరింగ్ ఒకరు చూసుకుంటే మంచిదనుకున్నట్టున్నాడు. ఆ పిస్టన్ పగలడానికి కారణం పెట్రోలు కల్తీ అని ఆయనే తేల్చాడు. మేమెవరం అడగలేదు.

నగరం దాటాక ఒక వెంచర్ ఉంది. రోడ్లేశారు, పెద్ద ఆర్చి కట్టారు, ప్లాట్లకు పసుపు రంగు రాళ్ళు పాతారు, ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. అక్కడి వాచ్‌మన్ ఉస్తాద్‌కి దోస్తు. ఎండ ఎక్కకముందే వెళ్ళి ఆ ఖాళీ రోడ్డు ఎత్తెక్కే చోట, ఉస్తాద్ మాటలో చడావు మీద, కారు నడుపుతూ ట్యూన్ చేసుకుంటాం. ఆ పొద్దున కారు యజమాని ఆర్చి కింద వాచ్‌మన్‌తో చాయ్ తాగుతూ నిలబడ్డాడు. ఉస్తాద్ రాగి గొట్టాన్ని ఇంజిన్‌కి బోల్టుతో బిగించి, రబ్బరు పైపును బానెట్ సందులోంచి తీసి కిటికీలోంచి లోపలికి లాగాడు. ఈసారి పైపు మధ్యలో, అద్దం కడిగే నీళ్ళ గొట్టాలకు వాడే మూడు మూతుల ముక్క ఒకటి పెట్టి, దాన్ని రెండు పాయలుగా చేశాడు. ఒక్కో పాయకు ఒక జత పుల్లలు: ఒకటి ఆయనకు, ఒకటి నాకు.

"నువ్వూ విను. వింటేనే వస్తది ఇల్మ్, ఈ విద్య," అన్నాడు.

ఇంజిన్‌లో పిస్టన్ పైకి చేరే ముందే నిప్పు రాజేస్తారు. ఎంత ముందు అన్నదాన్ని డిగ్రీల్లో లెక్కిస్తారు. కాస్త ముందుకు జరిపితే బలం పెరుగుతుంది. మరీ జరిపితే పెట్రోలు తన వంతు రాకుండానే ఎక్కడికక్కడ అంటుకుని పిస్టన్‌ని కొడుతుంది. అలా నడిపితే కొద్దిసేపట్లోనే పిస్టన్ పగులుతుంది. పెట్టెకి కూడా దీన్ని పసిగట్టే సెన్సార్ ఉంటుంది కానీ, సామాను మార్చిన ఇంజిన్‌లో అది ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతుంది. ఆఖరి మాట చెవిదే. ఆ చప్పుడు ఎలా ఉంటుందని ముందురోజు అడిగాను.

"మీ అమ్మ తాలింపు పెడ్తది చూడు, మూత కింద ఆవాలు చిట్లుతయి. గట్ల," అన్నాడు.

ఆయన స్టీరింగ్ పట్టాడు, నేను పక్కన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను, మొదటిసారి చడావు ఎక్కాం. గొట్టంలో ఇంజిన్ హోరు తప్ప ఏమీ లేదు. ఉస్తాద్ నవ్వాడు. "సాఫ్. ఒక డిగ్రీ కలుపు."

కలిపాను. రెండోసారి పైకి వెళ్తుంటే, హోరు వెనక ఎక్కడో, సన్నగా, చిట్. మళ్ళీ చిట్ చిట్. నేను ఉస్తాద్ ముఖం చూశాను. నిమ్మళంగా ఉంది.

"సాఫ్. ఇంకోటి కలుపు."

నాకే తప్పు వినపడిందనుకున్నాను. ఆయన ఉస్తాద్, నేను నిన్నటిదాకా ముళ్ళు వేసినదాన్ని. కలిపాను. ఈసారి అనుమానం లేదు. మూత కింద ఆవాలు చిటపటలాడాయి. అంత చప్పుడు నా చెవిలో పడుతుంటే, ఉస్తాద్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

"మస్తుంది! ఇంకోటి ఎయ్."

నా వేలు కదలలేదు. ఆ ఇంజిన్ పోతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. నేను విన్నదే నిజమైతే ఊరంతా నమ్మిన ఆ చెవి ఇక లేదు. ఆ మాట నా నోటి నుంచి రావాలి. రాలేదు. కలపమన్న చోట కలపకుండా, పెట్టిన డిగ్రీలన్నీ వెనక్కి తీసేశాను. చప్పుడు చేయకుండా.

మళ్ళీ చడావు ఎక్కాం. సగం దూరంలోనే ఆయన కాలు తీశాడు. చెవి సంగతి ఏమో గానీ ఆయన వీపుకి అన్నీ తెలుస్తాయి.

"బండి సుస్తయింది. ఎనుకకు తీసినవా?"

"చిటపటమంటుంది ఉస్తాద్," అన్నాను. నా మాట నాకే సరిగా వినపడలేదు.

"ఏంది?"

"ఆవాలు... చిట్లుతున్నయి."

"గట్టిగ చెప్పు బేటా!"

"చిట్లుతున్నయి ఉస్తాద్! రెండోసారి నుంచి చిట్లుతున్నయి!"

అరిచినంత పని చేశాను. ఆయన కారు పక్కకు ఆపాడు. చెవుల్లోంచి పుల్లలు తీసి, వాటిలోకి ఊది, అంగీ అంచుతో తుడిచాడు. "గొట్టంల ఏదో అడ్డం పడ్డది. నీదిటియ్యి," అని నా పుల్లలు తను పెట్టుకుని, తనవి నాకిచ్చాడు. "మళ్ళ గా డిగ్రీలు పెట్టు. ఒక్కసారి. జర సేపే."

పెట్టాను. చడావు ఎక్కాం. ఆయన పుల్లల్లోంచి నాకు ఆవాలు చిట్లడం స్పష్టంగా వినపడింది. నా పుల్లల్లోంచి ఆయనకు ఏమీ వినపడలేదు. నా ముఖంలోకి ఒకసారి చూసి, వెంటనే కాలు తీసేశాడు.

ఆర్చి దగ్గరికి వచ్చాక ఆ అబ్బాయి ఎదురొచ్చాడు. "అయిందా చాచా? చెవి పడ్డదా?"

"ఇంక పనుంది. నేనే పిలుస్త," అన్నాడు ఉస్తాద్.

ఇంట్లో అమ్మ పూలు కడుతూ తలెత్తి చూసింది. "మొఖం గట్లెందుకు పెట్టినవ్? లొల్లి గిట్ల అయిందా?" ఏం లేదని చెప్పి ఆమె పక్కన కూర్చుని కనకాంబరాలు అందుకున్నాను. ఆరోజు డైరీ తెరిచాను గానీ ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను. ఆ మాటను కాగితం మీద పెడితే నిజమైపోతుందనిపించింది.

ఉస్తాద్ కొన్ని రోజులు గ్యారేజీకి రాలేదు. జ్వరమన్నారు. నేను తాళం తీసి, తీగలు కట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఇక నన్ను రావద్దంటారేమో అని ప్రతిరోజూ అనుకునేదాన్ని. నేను వినకపోయి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. నా చెవుల మీద నాకే కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం స్కూటర్ చప్పుడైంది. ఉస్తాద్ వచ్చి, నాకెదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెవి డాక్టర్ తానకు పోయిన," అన్నాడు. "ఒక డబ్బాల కూసోవెట్టిండు. చెవులకు హెడ్‌ఫోన్. చప్పుడు వినొస్తే బటన్ నొక్కుమన్నడు. నేను కూసున్న, కూసున్న. ఇంక షురూ చేస్తలేడేంది అనుకున్న. ఆఖర్కి ఆయనే తలుపు తీసి, అయిపోయింది చాచా, బయటికి రా అన్నడు."

ఆయనే నవ్వాడు.

"సన్నటి చప్పుళ్ళన్నీ పోయినయట. బొంగురు చప్పుళ్ళు ఉన్నయట. మా బేగం తిట్లు మాత్రం సాఫ్ వినొస్తున్నయి, గదేం కిస్మతో!"

బల్ల మీది మీటర్ అందుకున్నాడు. దాని రెండు మొనలు ఒకదానికొకటి ఆనించాడు. అది కూసింది. ఆయన దాని వంక చూస్తూ అన్నాడు:

"ఇది గూడ వినొస్తలేదు బేటా. ఎన్ని దినాల సంది వినొస్తలేదో నాకే తెల్వది. నిన్ను గట్టిగ చెప్పుమన్నది నీ సిగ్గు పోవాలె అని అనుకున్న. ఖసమ్ సే, గట్లనే అనుకున్న. నా కోసం అడుగుతున్న అని నాకే తెల్వలే."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది నాకు. కళ్ళు తుడుచుకుని, నాకు తోచిన ఉపాయం చెప్పాను. ఎవరికీ తెలియక్కర్లేదు. నేను పక్కన కూర్చుంటాను. ఆవాలు చిట్లితే గేరు రాడ్ మీద వేలితో తడతాను. ఆయన కాలు తీసేస్తాడు. చెవి ఎవరిదని ఎవరడుగుతారు?

ఉస్తాద్ మీటర్ బల్ల మీద పెట్టేశాడు.

"ఎవల్ని దాస్తున్నవ్? నన్నా, నిన్నా?" అన్నాడు. కోపంగా కాదు. "నీ వేలు నేను చూసేలోపల పిస్టన్ పోతే? గా పోరడు నన్ను నమ్మి బండి ఇచ్చిండు. వినేది నువ్వయితే, ఆయన నమ్మాల్సింది నిన్ను. గదే చెప్త. ఉంచుకుంటే ఉంచుకుంటడు, తీస్కపోతే తీస్కపోతడు."

అక్కడే, నా ముందే ఫోన్ తీసి ఆ అబ్బాయిని రమ్మన్నాడు.

సాయంత్రం ఆ అబ్బాయి వచ్చాడు. ఉస్తాద్ డొంకతిరుగుడు లేకుండా చెప్పాడు: "నా చెవి పోయింది బేటా. మొన్న నీ ఇంజిన్ గూడ పోతుండె. ఈమె ఆపింది. ఇగ మీద ఈ గ్యారేజ్‌ల చెవి ఈమెదే. నీకు ఇష్టమైతే ఖతం చేస్తం. లేకుంటే ఇంకో మంచి ఉస్తాద్ పేరు చెప్త, నేనే ఫోన్ చేస్త."

ఎప్పుడూ వాగే ఆ అబ్బాయి కారు బానెట్ ఎత్తి, నేను కట్టిన తీగల కట్టను చూస్తూ నిలబడ్డాడు. ముళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. ఎందుకో కారు తీసుకెళ్ళిపోతాడనే అనిపించింది. వెళ్ళిపోతే తర్వాత ఇంకెవరూ రారు.

"మేడం," అన్నాడు చివరికి, నా వైపు తిరిగి. "నిజంగనే వినొచ్చిందా మీకు?"

తల ఊపబోయి ఆగాను.

"వినొచ్చింది. నాకు అనుమానం లేదు," అన్నాను. బయట టైర్ల షాపు వాళ్ళు తిరిగి చూశారు.

అబ్బాయి నవ్వాడు. "చాచా, మ్యూట్ తీసిన్రు గదా!" బానెట్ మూశాడు. "రేప్పొద్దున పోదాం. కానీ నేను గూడ ఎనుక సీట్ల కూసుంట."

మర్నాడు వెంచర్ రోడ్డు మీద ఇంకా పలుచటి మంచు ఉంది. ఉస్తాద్ డ్రైవింగ్ సీట్లో, నేను లాప్‌టాప్‌తో పక్కన, అబ్బాయి వెనక. పైపుకి ఇప్పుడు ఒకటే పాయ. మూడు మూతుల ముక్కను ఉస్తాద్ తీసేసి జేబులో వేసుకున్నాడు. చడావు ఎక్కడం మొదలైంది. హోరు అడుగున ఎక్కడో చిట్ అన్న క్షణంలో "వదలండి!" అని అరిచాను. ఆ అరుపుతోనే ఉస్తాద్ కాలు లేచింది. వెనక అబ్బాయి ఉలిక్కిపడి తల కారు కప్పుకి కొట్టుకున్నాడు.

"అరె అమ్మో! మేడం, మ్యూట్ల ఉన్నప్పుడే మంచిగుండె!"

మళ్ళీ ఎక్కాం. మళ్ళీ అరిచాను. గళ్ళు ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చాం. ఎండ ఎక్కే వేళకి నా గొంతు బొంగురుపోయింది. ఇప్పుడది ఉస్తాద్‌కి ఇంకా బాగా వినపడుతుందని అబ్బాయి వేళాకోళం చేశాడు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి వెళ్ళిపోయారు, ఆ సంగతి దాచను. కొందరు ఉండిపోయారు. ఉస్తాద్ చెవికి మిషన్ పెట్టుకున్నాడు, గ్యారేజీలోకి రాగానే తీసి డబ్బాలో పెడతాడు. స్పానర్ కింద పడితే తుపాకీ పేలినట్టుంటుందట. మిషన్ లేకుండా వైరింగ్ దగ్గర కూర్చుంటాడు. పూలమాల ముడి నేర్పమని నన్ను అడిగాడు. ఆయన లావు వేళ్ళకు అది ఇంకా సరిగా రాలేదు. "మీ అమ్మకు ఫీజ్ ఎంత కట్టాలె?" అని అడుగుతుంటాడు. అమ్మ ప్రతి శుక్రవారం ఆయన స్కూటర్ హ్యాండిల్‌కి కట్టమని ఒక మూర పూలు పంపిస్తుంది. ఆయన కడతాడు, హుస్సేనీ ఆలం దాకా అలాగే వెళ్తాడు.

నాకు గొంతు ఎవరిచ్చారని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు. గట్టిగా చెప్పమని తన కోసమే అడిగానని ఆయన అన్నాడు. కావచ్చు. అయినా అరవడం నాకే వచ్చింది. అంతకంటే ఎక్కువ, తన చెవి పోయిందని నలుగురిలో తన నోటితోనే చెప్పి, ఆ చోట నన్ను కూర్చోబెట్టాడు. వేలితో తట్టి బతికేద్దామనుకున్న నన్ను.

అబ్బాయి వెనక సీట్లో కూర్చున్న ఆ పొద్దున, ఆఖరిసారి చడావు ఎక్కినప్పుడు ఆయన కారును పైదాకా తీసుకెళ్ళాడు. గొట్టంలో ఇంజిన్ హోరు ఒక్కటే, నిండుగా, ఎక్కడా బీట లేకుండా. రోడ్డు అయిపోయాక కారు నెమ్మదించింది. ఉస్తాద్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"కూసిందా?"

"లేదు ఉస్తాద్," అన్నాను, ఆయనకు ఒక్కసారికే వినపడేలా. "సాఫ్."